25 సెంట్ల నవలలు... దాచుకున్న ప్రేమలు!

2015లో వచ్చిన ‘కేరల్’ చిత్రంలో కేట్ బ్లాంచెట్‌ని చూసి ముగ్ధులయ్యారు కదూ! దానికి మూలం పెట్రీషియా హైస్మిత్ 1952లో మారుపేరుతో వెలువరించిన నవల.

స్త్రీని స్త్రీ ప్రేమించే కథల్ని ఆ రోజుల్లో అమెరికా మందుల షాపుల్లో చౌకగా అమ్మేవారు. 1950 నాటి ‘విమెన్స్ బారక్స్’ వెల 25 సెంట్లే! అయితే ఒక షరతు... ప్రేమ ఫలించకూడదు! తపాలా శాఖ పట్టుకుంటుందన్న భయంతో ‘స్ప్రింగ్ ఫైర్’ (1952) రచయిత్రి చేత సంపాదకుడే విషాదాంతం రాయించాడు. హైస్మిత్ నాయికలకు మాత్రం ఆశ మిగిలింది.

అలాంటి పాత ప్రతులు మూడు సంపాదించాను. కాగితం పసుపెక్కింది, గట్టిగా తిప్పితే విరిగిపోతుంది. అట్ట మీది బొమ్మ మగవాళ్ళని ఊరించడానికి వేసిందే! కానీ దిండు కింద దాచుకుని చదివిన అమ్మాయికి ‘నువ్వొక్కదానివే కాదు’ అని చెప్పిందీ ఆ పుస్తకమే. నేను దాచుకునేది అందుకే!