మైలుతుత్తపు నీటి వన్నెలు

మైలుతుత్తము నెఱుగనివారు మనలో నరుదు. పుస్తకములకు అట్టలు కట్టువారు పురుగు పట్టకుండుటకై దీనిని జిగురులో గొంచెము కలుపుదురు. ఇది విషము, చేతులు కడుగుకొనక భోజనమునకు గూర్చుండరాదు.

దీని నీలిరంగు రాగిదే యని పలువురు తలంతురు. అది సగము మాత్రమే నిజము. స్ఫటికమును పరీక్షనాళికలో మెల్లగా గాచినచో నీటియావిరి వెడలిపోయి తెల్లని పొడి మిగులును. రాగి యంతయు నందే యున్నది. రంగు మాత్రము పోయినది. చల్లారిన పిమ్మట నొక్క నీటిచుక్క వేయుడు, నీలవర్ణము మరల వచ్చును. కావున నీరంగు రాగిది మాత్రమే కాదు, నీటిని జుట్టుకొనియున్న రాగిది. ద్రావణమునందు ఒక్కొక్క రాగి అయాను చుట్టును ఆఱు నీటియణువు లుండును. వానిలో నాలుగు దగ్గరగాను, రెండు కొంచెము ఎడముగాను నుండును.

ఈ ద్రావణములో అమ్మోనియా నీటిని చుక్కచుక్కగా వేయుదము. మొదట లేతనీలపు అవక్షేపము కలుగును. అమ్మోనియా నీటిలో హైడ్రాక్సైడు అయానులు కొంచెముగా నుండును. అవి రాగితో గూడి కరగని పదార్థమగును. ఇంకను వేయగా, ఆశ్చర్యము! అవక్షేపము మాయమై, చిక్కని నీలిరంగుగల తేటద్రావణ మేర్పడును. అమ్మోనియా నీటికంటె రాగిని గట్టిగా బట్టుకొనును గనుక నాలుగు నీటియణువులను త్రోసి వాని చోట తాను నిలుచును. అందువలన ద్రావణములో విడిగా నుండు రాగి అయానులు మిక్కిలి తగ్గిపోవును; ఆ లోటు తీర్చుటకు అవక్షేపము కరగిపోవును. ఇట్లు లోహమును జుట్టియుండువానిని లైగాండులందురు. అమ్మోనియాను ఒక్కమారుగా గుమ్మరించువారికి అవక్షేపము కానరానే రాదు. ఐనను వారి నోటుపుస్తకములలో “అవక్షేపము కనబడెను” అనియే యుండును!

క్షారమువలననే అవక్షేపము కరగెనని యనుకొనరాదు. సజల సోడియం హైడ్రాక్సైడును ఎంత పోసినను అది కరగదు. ఫెర్రిక్ క్లోరైడు ద్రావణములో అమ్మోనియా వేసినచో త్రుప్పురంగు అవక్షేపము కలిగి, ఎంత అధికముగా బోసినను నిలిచియే యుండును. కావుననే రాగియు నినుమును గలిసిన ద్రావణమును ఈ యుపాయముచే వడగట్టి వేఱుచేయుదురు.

ఈ లైగాండుల యమరికను 1893లో విశదపఱచిన యాల్ఫ్రెడ్ వెర్నరునకు అప్పటి వయస్సు 26 ఏండ్లు. 1913లో నాతనికి నోబెల్ బహుమాన మొసగిరి.

అవక్షేపము పనికిరాని మడ్డి యని తలంపవలదు. ఫ్రాన్సు దేశమున మెడాక్ ప్రాంతపు ద్రాక్షతోటలు బూజుతెగులుచే నాశనమగుచుండగా, 1882లో మిల్లార్డె పండితుడు ఒక వింత గనిపెట్టెను. దారిప్రక్క తీగలు మాత్రము పచ్చగా నుండెను. బాటసారులు పండ్లు దొంగిలింపకుండునట్లు తోటవారు వానిపై మైలుతుత్తమును సున్నమును గలిపి చల్లియుండిరి! 1885లో ఆయన యీ మందును బ్రకటించెను. అదియే బోర్డో మిశ్రమము. మన నిమ్మతోటలలో నేటికిని వాడుచున్నారు. ఒక కిలో మైలుతుత్తము, ఒక కిలో సున్నము, 100 లీటర్ల నీరు సాధారణమైన పాళము. మైలుతుత్తము ఒంటిగా నాకును మాడ్చును. సున్నముతో నేర్పడిన నీలి అవక్షేపము ఆకును అంటిపెట్టుకొని, రాగిని కొంచెము కొంచెముగా విడుచును. మిశ్రమము సరిగా కుదిరినదో లేదో చూచుటకు తోమిన యినుపకత్తిని అందులో ముంచుదురు. కత్తిపై ఎఱ్ఱని రాగిపూత పట్టినచో, విడి రాగి యింకను మిగిలియున్నదన్నమాట. మరికొంత సున్నపునీరు పోసి మరల కత్తిని ముంచి చూడవలయును.