‘మాస్ ఎఫెక్ట్’ వీడియో గేమ్‌లో రాజకీయ ప్రతినిధి ఎంపిక: ప్రాతినిధ్య భావన – పరిశీలన

వ్యాససంగ్రహం: ‘మాస్ ఎఫెక్ట్’ అనే విజ్ఞానకల్పన వీడియో గేమ్‌లో మానవజాతి ప్రతినిధిని సూచించే అవకాశం ఆటగాడికి లభిస్తుంది. ఆ సూచన ఎంతవరకు ప్రాతినిధ్యం అవుతుందో, 1892 నాటి భారత శాసనమండళ్ల చట్టంతోను, ‘ఈవ్ ఆన్‌లైన్’ ఆటలోని ఎన్నికలతోను పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రాతినిధ్యం, సిఫారసు, ఎన్నిక, జవాబుదారీతనం, వీడియో గేమ్.

1. ఉపోద్ఘాతం

ప్రతినిధి అనే మాటలో మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. అతనికి అధికారం ఎవరిచ్చారు? ఆ అధికారంతో అతడు ఏమి చేయగలడు? తప్పు చేస్తే ఎవరికి జవాబు చెప్పాలి? హానా పిట్కిన్ 1967లో వెలువరించిన ‘ది కాన్సెప్ట్ ఆఫ్ రిప్రజెంటేషన్’ గ్రంథం అధికారదానాన్ని, జవాబుదారీతనాన్ని వేరువేరు అంశాలుగా చర్చించింది. వీడియో గేమ్‌ను పాఠ్యంగా స్వీకరించినప్పుడు కూడా ఈ విభజన ఉపకరిస్తుంది.

2. ‘మాస్ ఎఫెక్ట్’లో ఎంపిక

బయోవేర్ సంస్థ రూపొందించిన ఈ ఆట 2007లో విడుదలైంది. సిటడెల్ అనే అంతరిక్ష కేంద్రంలో అసారి, టూరియన్, సలారియన్ జాతుల ప్రతినిధులతో కూడిన పాలకమండలి ఉంటుంది. కథాంతంలో మానవజాతికి అందులో స్థానం దక్కే సందర్భం వస్తుంది. కథానాయక పాత్ర అయిన కమాండర్ షెపర్డ్ రాయబారి ఉడీనాను గాని, సైనికాధికారి ఆండర్సన్‌ను గాని సూచించవచ్చు. అంతకుముందే ఉడీనా షెపర్డ్ నౌకను కదలనీయకుండా నిలిపివేస్తాడు. ఆండర్సన్ సాహసించి దానిని విడిపిస్తాడు. అందువల్ల ఆటగాడి నిర్ణయం యోగ్యతావిచారణగా గాక, కృతజ్ఞతగానో కోపంగానో మారే అవకాశం ఎక్కువ. ఎవరి తరఫున ఈ ఎంపిక జరుగుతున్నదో ఆ మానవుల అభిప్రాయం ఎక్కడా వినిపించదు.

2012లో వచ్చిన మూడవ భాగంలో, ఆటగాడు ఎవరిని సూచించినా, ఉడీనాయే మండలి సభ్యుడుగా కనిపిస్తాడు. ఆండర్సన్‌ను ఎంచుకున్న ఆటగాడికి, అతడు పదవి వదలి సైనిక బాధ్యతలకు మరలినట్లు కథ తెలుపుతుంది. అంటే ఆటగాడిది సిఫారసు మాత్రమే. తుది నిర్ణయం రచయితలది.

3. సిఫారసు – రాజమహేంద్రవరం ఉదాహరణ

ఈ స్థితి తెలుగువారి చరిత్రకు కొత్త కాదు. 1892 చట్టం ‘ఎన్నిక’ అనే మాటను వాడలేదు. పురపాలక సంఘాలు, జిల్లా బోర్డులు వంటి సంస్థలు పేర్లను సిఫారసు చేసేవి, నియామకం ప్రభుత్వానిది. సభ్యులు ప్రశ్నలు అడగవచ్చు, బడ్జెట్‌ను చర్చించవచ్చు. దానిపై ఓటు వేసే హక్కు మాత్రం లేదు. 1878లో ‘ది హిందూ’ను స్థాపించినవారిలో ఒకరైన రాజమహేంద్రవర న్యాయవాది న్యాపతి సుబ్బారావు పంతులు ఇటువంటి పరిమితుల నడుమనే మద్రాసు శాసనమండలిలో సభ్యులుగా ఉన్నారు. 1909 సంస్కరణల తరువాత ఆయన కేంద్ర శాసనమండలిలోనూ సభ్యులయ్యారు.

అయితే ఒక భేదాన్ని గమనించాలి. ఇక్కడ సిఫారసు చేసినది ఒక సంస్థ. దానికి పన్ను చెల్లించే పురజనులున్నారు. షెపర్డ్ వెనుక అటువంటి జనసమూహం లేదు.

4. ఎన్నిక ఉన్నా అధికారం లేని చోట

ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ వారి ‘ఈవ్ ఆన్‌లైన్’లో 2008 నుండి ఆటగాళ్లే తమ ప్రతినిధులను ఓటు ద్వారా ఎన్నుకొంటున్నారు. 2013 నుండి ప్రాధాన్యక్రమంలో ఓటు వేసే బదిలీ పద్ధతి అమలులో ఉంది. మన రాజ్యసభ ఎన్నికలదీ ఇదే కోవ. ఓటర్లు తరువాతి ఎన్నికలో ప్రతినిధిని తిరస్కరించగలరు. కాని ఆ మండలి సలహా మాత్రమే ఇస్తుంది, నిర్ణయం సంస్థదే.

5. ముగింపు

‘మాస్ ఎఫెక్ట్’లో ఎంపిక ఉంది, ఓటర్లు లేరు. 1892 విధానంలో సిఫారసు ఉంది, హక్కు లేదు. ‘ఈవ్’లో ఓటు ఉంది, అధికారం లేదు. ఎంచుకునే అవకాశం ఒక్కటే ప్రాతినిధ్యాన్ని సంపూర్ణం చేయదని ఈ మూడూ నిరూపిస్తున్నాయి. వీడియో గేమ్‌లలోని రాజకీయాన్ని పరిశోధించేవారు ఆటగాడు ఎవరిని ఎంచుకున్నాడన్న దానితో ఆగక, ఆ ఎంపికను ఎవరు రద్దు చేయగలరో కూడా పరిశీలించాలి. నాయకుణ్ణి ఒక్క మీటతో నిర్ణయించడం అలవాటైన తరానికి పౌరశాస్త్రం బోధించే అధ్యాపకులకు ఈ ప్రశ్న మరింత అవసరం.