చిరుతపులి కట్టిన మారువేషం

వేసవి సెలవులకు మనవరాలు వచ్చిందంటే మా మేడమీది గదిలో నడవడానికి చోటుండదు. ఈసారి తను తెచ్చుకున్నది ఒక ప్లాస్టిక్ ట్యాంకు కిట్. పెట్టె మూత మీది బొమ్మలో ట్యాంకు ఒంటినిండా తెల్ల నక్షత్రాలు. "తాతయ్యా, తెల్ల నక్షత్రం అమెరికా వాళ్లది కదా! లోపలి కాగితంలో జర్మన్ పాంథర్ అని రాశారేంటి?" అంది. బొమ్మ విప్పకముందే అసలు ముడి పట్టేసింది పిల్ల. ఆ ముడి విప్పుకుంటూనే మేం పదిరోజులు కూర్చున్నాం. మీరూ వచ్చి కూర్చోండి.

1944 అక్టోబరు చివర్లో హిట్లర్ తన కమాండో అధికారి ఒట్టో స్కోర్జెనీని పిలిచి ఒక పని అప్పగించాడు. బెల్జియంలోని ఆర్డెన్ అడవుల మీదుగా జర్మన్లు పెద్ద దాడి చేస్తారు. ఆ గందరగోళంలో స్కోర్జెనీ మనుషులు అమెరికన్ల వేషంలో ముందుకు చొరబడి మ్యూజ్ నది మీది వంతెనలు పట్టుకోవాలి. ఆ పన్నాగానికి పెట్టిన పేరు గ్రైఫ్. సింహం ఒళ్లూ డేగ తలా ఉండే కల్పిత జంతువు అది. వేషానికి అసలైన అమెరికన్ ట్యాంకులు బోలెడు కావాలని అడిగితే దొరికినవి రెండే రెండు షెర్మన్లు. ఇక చేసేది లేక తమ పాంథర్లలోనే అయిదింటికి రేకులు తొడిగి, అమెరికన్ల ఎం10 అనే ట్యాంకు విధ్వంసక బండిలా కనిపించేట్టు చేశారు. డిసెంబరు 16న దాడి మొదలైంది. అంటే పని అప్పగించిన నాటి నుంచి ఎనిమిది వారాలు కూడా లేవు.

పాంథర్ అంటే చిరుతపులి. పులితోలు కప్పుకున్న గాడిద కథ మీకు తెలుసు కదా, ఇక్కడ పులే వేరే జంతువు తోలు కప్పుకుంది. కథలో గాడిదను దాని గొంతు పట్టిచ్చింది. ఈ పులిని పట్టివ్వగలిగినవి దాని కాళ్లు. ఆ కాళ్ల సంగతి చివర్లో చూద్దాం.

ముందు జిగురు సంగతి. ఈ కిట్ ముక్కలు పాలిస్టైరిన్‌తో పోతపోసినవి. టీవీ పెట్టెల్లో వచ్చే థర్మోకోల్ కూడా ఇదే పదార్థం. వాయువుతో ఉబ్బిస్తే థర్మోకోల్, ఉబ్బించకుండా అచ్చులో పోస్తే గట్టి ప్లాస్టిక్. చెక్కకూ కాగితానికీ వాడే తెల్ల జిగురు దీన్ని సరిగా పట్టుకోదు. మోడళ్ల వాళ్లు వాడే పల్చటి జిగురు అసలు జిగురే కాదు, కరిగించే ద్రవం. అందులో ఎసిటోన్, బ్యూటైల్ ఎసిటేట్ ఉంటాయి. గోళ్ల రంగు సీసా మూత తీసినప్పటి వాసనే దీనిదీను. పాలిస్టైరిన్ అంటే పొడవాటి అణువుల గొలుసులు చిక్కుపడి ఉన్న ముద్ద. ఈ ద్రవం తగలగానే గొలుసులు వదులవుతాయి. ఈ ముక్క గొలుసులు ఆ ముక్కలోకి పాకి పెనవేసుకుంటాయి. ద్రవం ఆవిరైపోయాక మధ్యలో జిగురంటూ ఏమీ మిగలదు, రెండు ముక్కలూ ఒకే ముక్క. ఇనుముకు వెల్డింగ్ ఎలాగో దీనికి ఇది అలాగ. ఇంట్లో చూడాలనుకుంటే నారింజ తొక్కను మడిచి నొక్కి, చిమ్మిన నూనెను థర్మోకోల్ ముక్క మీద పడనివ్వండి. పడినచోట గుంటలు పడతాయి. తొక్కలోని లిమోనీన్ చేసే పని అది.

ఆ ద్రవాన్ని ముక్కలకు పూయనక్కర్లేదు. రెండు ముక్కలూ ఆనించి పట్టుకుని, అతుకు దగ్గర కుంచె కొన తాకిస్తే చాలు. దీపం వత్తి నూనెను పీల్చుకున్నట్టు ఆ సన్నని సందు ద్రవాన్ని చివరిదాకా లాక్కుంటుంది. మా పిల్ల దాన్ని చూసి నాలుగైదుసార్లు మళ్లీ మళ్లీ చేయించింది. ఆ ఉత్సాహంలో నేను టరెట్, అంటే ట్యాంకు పైన తిరిగే ఫిరంగి గూడు, దాని పక్క రేకుకు ద్రవం ఎక్కువ పట్టించాను. పల్చటి ముక్క మెత్తబడి నా బొటనవేలి ముద్ర అచ్చుగుద్దినట్టు దిగిపోయింది. అలాంటప్పుడు తుడవకూడదు, ముట్టుకోకూడదు. రెండురోజులు వదిలేసి, బాగా గట్టిపడ్డాక తడి ఉప్పుకాగితంతో రుద్దాం. మిగిలిన గుంటను పుట్టీతో పూడ్చాం. కొండపల్లి బొమ్మల వాళ్లు రంపపు పొట్టూ చింతగింజల పిండీ కలిపిన మక్కుతో అతుకులు పూడ్చడం చూసినవాళ్లకు ఇది కొత్త పని కాదు. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. ఈ పనంతా కిటికీలు తీసి, ఫ్యాన్ గాలి బయటికి పోయేట్టు చూసుకుని చెయ్యాలి. ఏసీ గది పనికిరాదు. పిల్లలు పెద్దవాళ్ల పక్కనే చెయ్యాలి.

ఇప్పుడు లెక్కలు. పాంథర్ పొడవు ఫిరంగి గొట్టంతో కలిపి 8.66 మీటర్లు. మా కిట్ అందులో 35వ వంతు, అంటే 25 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఈ 35 ఎక్కడిదో తెలుసా? జపాన్‌లో షిజువోకాలోని తామియా కంపెనీ 1960ల మొదట్లో తెచ్చిన తొలి ప్లాస్టిక్ ట్యాంకు పాంథరే. లోపల చిన్న మోటారూ రెండు బ్యాటరీలూ పట్టాలని ఒళ్లు గీసుకుంటే, కొలత 35వ వంతుకు వచ్చింది. ఒక బ్యాటరీ సైజు ప్రపంచమంతటా ట్యాంకు మోడళ్ల ప్రధాన కొలతగా స్థిరపడిపోయింది! పొడవు 35 రెట్లు తగ్గితే బరువు 35ను మూడుసార్లు హెచ్చవేసినన్ని రెట్లు, అంటే 42,875 రెట్లు తగ్గుతుంది. అసలు పాంథర్ దాదాపు 45 టన్నులు. అదే ఉక్కుతో, లోపలి సరంజామా అంతటితో ఈ సైజులో చేస్తే కిలో పైచిలుకు తూగుతుందన్నమాట.

పొడవు తగ్గించవచ్చు, బరువు తగ్గించవచ్చు. రంగు పొరనూ నీటి చుక్కనూ వెలుతురునూ తగ్గించలేం. మోడల్ చేసేవాళ్ల కష్టమంతా అక్కడే ఉంది, ఆనందమూ అక్కడే ఉంది. కుంచెతో మందంగా వేసిన రంగు పొర మిల్లీమీటరులో పదోవంతు అనుకోండి. 35తో హెచ్చవేస్తే మూడున్నర మిల్లీమీటర్లు. ట్యాంకుకు అంత మందాన రంగు ఎవరు పూస్తారు? అందుకే రంగును పాలలా పల్చగా కలిపి, మూడు నాలుగు పొరలుగా, ఒక్కో పొర ఆరనిచ్చి వెయ్యాలి. వేషం కోసం తొడిగిన రేకులకూ ఇదే చిక్కు. ఒక రేకు మందం మూడు మిల్లీమీటర్లనుకుంటే మోడల్లో అది పదోవంతు మిల్లీమీటరు కూడా రాదు. ప్లాస్టిక్‌ను అంత పల్చగా పోతపోయలేరు. అందుకని మేం రేకుల అంచులను మాత్రం లోపలివైపు నుంచి ఏటవాలుగా చెక్కాం. కంటికి కనిపించేది అంచే కాబట్టి రేకు మొత్తం పల్చగా ఉన్నట్టే అనిపిస్తుంది. కన్నును ఒప్పించడం అంటే ఇదే. 1944లో వాళ్లు చేసినదీ ఈ పనే కదా!

రంగు దగ్గర పిల్ల నోరు తెరిచింది. అప్పటి అమెరికన్ సైన్యపు బండ్లది ఆలివ్ డ్రాబ్ అనే ముదురు పచ్చ. దాన్ని పసుపుపచ్చ ఓకర్ మట్టి రంగూ నలుపూ కలిపి తయారుచేసేవారు. ఆకుపచ్చ చుక్క కూడా వెయ్యకుండా పచ్చదనం ఎలా వచ్చిందంటే, వెలుతురు తగ్గిన పసుపును మన మెదడు పసుపుగా గుర్తుపట్టదు, పచ్చ ఛాయలో చూస్తుంది. నారింజ రంగుకు నలుపు కలిపితే కాఫీపొడి రంగు రావడం కూడా ఇలాంటిదే. పిల్లల రంగుల డబ్బాలో పసుపు తీసి నలుపు కొద్దికొద్దిగా కలిపి చూడండి. నేను చెప్పినదానికన్నా ఆ పళ్లెం బాగా చెబుతుంది. మేం కలిపిన రంగుకు చివర్లో కాస్త తెలుపు కూడా చేర్చాం. అడుగు దూరంలో ఉన్న మోడల్‌ను చూడటం అంటే అసలు ట్యాంకును పది మీటర్ల దూరం నుంచి ఎండలో చూడటంతో సమానం. గదిలో ఆ ఎండ లేదు, సీసాలోని రంగును ఉన్నదున్నట్టు వేస్తే నల్లటి ముద్దలా కనిపిస్తుంది.

ఇక నక్షత్రాలు. ఇవి నీళ్లలో నానేస్తే కాగితం నుంచి జారే డెకాల్స్. మొదటి నక్షత్రాన్ని నేరుగా మెరుపు లేని మ్యాట్ రంగు మీద అంటిస్తే ఆరాక చుట్టూ పాలపొర కమ్మినట్టు తెల్లగా తేలింది. భూతద్దంతో చూస్తే మ్యాట్ రంగు ఉపరితలం దున్నిన చేనులా ఉంటుంది. డెకాల్ మిట్టల మీద పరుచుకుంటుంది, పల్లాల్లో గాలి చిక్కుకుంటుంది. ఆ గాలి బుడగలు వెలుతురును అన్నివైపులా చెదరగొడతాయి కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. సబ్బు నురగ తెల్లగా ఉండేదీ, గీరిన ఐసు తెల్లగా ఉండేదీ ఇందుకే. అందుకని ముందు నిగనిగలాడే వార్నిష్ పొర వేసి చేను చదును చెయ్యాలి, దాని మీద డెకాల్ పరవాలి, ఆ పైన మ్యాట్ వార్నిష్‌తో మెరుపు చంపాలి. మిగిలిన నక్షత్రాలన్నీ రంగులో రాసినట్టే కూర్చున్నాయి. అమెరికన్ దళాల గుర్తుల్ని అనుకరిస్తూ రాసిన అంకెల్లో మా ట్యాంకుకు వచ్చింది బి7.

ఇంకో ముచ్చట. వేషం మరీ బాగా కుదిరితే సొంతవాళ్లే కాలుస్తారు. అందుకని జర్మన్లు తమలో తాము గుర్తుపట్టడానికి బండి వెనక చిన్న పసుపు త్రికోణం వేసుకున్నారు. ఫిరంగిని గడియారంలో తొమ్మిది గంటల దిక్కుకు, అంటే ఎడమకు, తిప్పి ఉంచాలనుకున్నారు. మా మనవరాలు టరెట్‌ను ఎడమకు తిప్పే పెట్టింది.

చివరికి కాళ్ల దగ్గరికి వచ్చాం. ఎం10కు ఒక్కోవైపు ఆరు చిన్న చక్రాలు, రెండేసి చొప్పున మూడు జతలు, విడివిడిగా. పాంథర్‌కు ఒక్కోవైపు ఎనిమిది వరసల పెద్ద చక్రాలు, ఒక్కొక్కటి 86 సెంటీమీటర్లు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి చేపపొలుసుల్లా ఉంటాయి. అవి బండి అడుగున పరిచిన ఉక్కు కడ్డీలకు తగిలించినవి. చక్రం ఎగిరినప్పుడు కడ్డీ తడిబట్ట పిండినట్టు మెలి తిరిగి మళ్లీ విచ్చుకుంటుంది. స్ప్రింగు పని అదే చేస్తుంది. ఆ చక్రాలు మార్చాలంటే ట్యాంకునే మార్చాలి. అందుకే పైన ఎన్ని రేకులు తొడిగినా కింద పాంథర్ పాంథర్‌గానే మిగిలింది. ఈ వేషం చాలా దూరం నుంచి, అదీ రాత్రిపూట, అనుభవం లేని కుర్ర సైనికుల్నే మోసగించగలదని స్కోర్జెనీయే తర్వాత ఒప్పుకున్నాడు.

ఈ ట్యాంకులు వంతెనల దాకా పోనే లేదు. దారులన్నీ సొంత సైన్యపు బండ్లతోనే కిక్కిరిసిపోయాయి. డిసెంబరు 21 తెల్లవారుజామున వీటిని మామూలు ట్యాంకుల్లా మల్మెడీ పట్టణం మీదికి పంపారు. పట్టుబడిన ఒక జర్మన్ సైనికుడు దాడి కబురు ముందే చెప్పేశాడు, అమెరికన్లు కాచుకుని ఉన్నారు. ఆ రోజు బజూకా అనే భుజాన మోసే రాకెట్ గొట్టం పట్టుకుని ఎదిరించిన ఫ్రాన్సిస్ కరీ వయసు 19. అమెరికా అత్యున్నత సాహస పతకం మెడల్ ఆఫ్ ఆనర్ అతనికి ఇచ్చారు. వేషం వేసిన పాంథర్లు మల్మెడీ చుట్టుపక్కలే ఆగిపోయాయి. ఆ లోపల ఉన్నవాళ్లలోనూ కుర్రవాళ్లు ఉండే ఉంటారు. ఈ మాట చెప్పినప్పుడు మా పిల్ల కుంచె పక్కన పెట్టి కాసేపు మాట్లాడలేదు.

మీకో పని చెబుతాను. మంచి వెలుతురులో ఆరోగ్యమైన కన్ను డిగ్రీలో అరవయ్యోవంతు ఎడాన్ని విడదీసి చూడగలదు. అంటే కిలోమీటరు దూరంలో 29 సెంటీమీటర్లు, మూడు కిలోమీటర్లలో 87. పాంథర్ చక్రం 86 అని చెప్పాను కదా! పూర్తయిన మోడల్‌ను పిట్టగోడ మీద పెట్టి, చక్రాలను చూస్తూ వీధిలో వెనక్కి నడవండి. చక్రాలు కలిసిపోయి ఒకే గీతలా కనిపించిన చోట ఆగి, అక్కడి దూరం కొలిచి 35తో హెచ్చవేయండి. మా పిల్లకు 70 మీటర్ల దగ్గర కలిసిపోయాయి, అంటే అసలు లెక్కలో 2,450 మీటర్లు. మీకెంత వచ్చిందో నాకు రాయండి.