స్వేచ్ఛ పొందినవారి కొండ ఊళ్లు

ఆఫ్రికా ఖండంలో పడమటి వైపు, సముద్రం ఒడ్డున సియెర్రా లియోన్ అనే దేశం ఉంది. దాని రాజధాని ఫ్రీటౌన్. ఫ్రీటౌన్ అంటే స్వేచ్ఛా పట్టణం. పట్టణానికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు. ఆ కొండల మీద లెస్టర్, గ్లోస్టర్, రీజెంట్, బాథర్స్ట్, షార్లెట్ అనే పాత ఊళ్లున్నాయి. సెలవు రోజున ఈ ఊళ్ల మీదుగా నడిచి రావడానికి పట్టణం నుంచి కొందరు వెళుతుంటారు.

ఆఫ్రికా ఊళ్లకు ఇంగ్లీషు పేర్లేమిటి? దాని వెనుక పెద్ద కథ ఉంది.

మనుషుల్ని అమ్మిన రోజులు

ఒకప్పుడు ఆఫ్రికా మనుషుల్ని పట్టుకుని, గొలుసులు వేసి, పశువుల్లా అమ్మేవారు. ఓడల్లో కుక్కి సముద్రం దాటించేవారు. చెరకు తోటల్లో, పత్తి చేలల్లో చాకిరీ చేయించేవారు. తల్లి ఒక చోట, బిడ్డ ఒక చోట! బ్రిటిష్ వాళ్లు కూడా ఈ వ్యాపారంలో బాగా సంపాదించారు. చివరకు 1807లో దీన్ని నిషేధిస్తూ చట్టం చేశారు. ఆ తర్వాత వాళ్ల నౌకలు బానిసల ఓడల్ని పట్టుకునేవి. విడిపించిన వాళ్లను ఫ్రీటౌన్‌లో దించేవి. అలా దిగినవాళ్లు దాదాపు లక్షమంది.

వాళ్ల సొంత ఊళ్లు ఎక్కడో దూరాన ఉన్నాయి. ఒకరి భాష ఒకరికి రాదు. వాళ్ల కోసం కొండల మీద ఊళ్లు కట్టించారు. 1809లో లెస్టర్, 1812లో రీజెంట్, 1816లో గ్లోస్టర్ ఏర్పడ్డాయి. పేర్లు పెట్టింది ఇంగ్లీషు వాళ్లు. అడవి కొట్టి, రాళ్లు మోసి, ఊళ్లు నిలబెట్టింది మాత్రం విడుదలైన ఆడామగా.

దారిలో ఏమేం కనబడతాయి?

రాతి పునాది మీద కట్టిన పాత చెక్క ఇళ్లు కనబడతాయి. రీజెంట్‌లో రెండు వందల ఏళ్లు దాటిన రాతి చర్చి ఉంది. గ్లోస్టర్ దగ్గర కొండ వాలు మీద కూరగాయల మళ్లున్నాయి. ఆడవాళ్లు కూరలు పండించి పట్టణంలో అమ్ముకుంటారు. షార్లెట్ దగ్గర జలపాతం ఉంది.

అక్షరం నేర్చిన అజాయి

1821లో అజాయి అనే పిల్లవాడిని, అతని తల్లిని పట్టుకుని అమ్మేశారు. ఇద్దరూ విడిపోయారు. 1822లో అజాయి ఎక్కిన ఓడను బ్రిటిష్ నౌక పట్టుకుంది. అతన్ని బాథర్స్ట్ చేర్చారు. అక్కడ బడిలో అజాయి ఆరు నెలల్లో చదవడం నేర్చుకున్నాడు. తర్వాత శామ్యూల్ క్రౌథర్ అనే పేరుతో పంతులయ్యాడు. ఇలాగే విడుదలైన అసానో అనే ఆమెను పెళ్లాడాడు. ఆమె కూడా పంతులమ్మే. ఆయన తన యొరుబా భాషకు నిఘంటువు రాశాడు. 1846లో, పాతికేళ్ల తర్వాత, తల్లిని మళ్లీ కలుసుకున్నాడు.

కొండ విరిగిన రోజు

పట్టణం పెరిగి ఇళ్లు కొండల మీదికి పాకాయి. చెట్లు కొట్టేశారు. చెట్ల వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. వేళ్లు పోతే వాననీరు మట్టిని వదులు చేస్తుంది. 2017 ఆగస్టు 14న, మూడు రోజులు వాన కురిశాక, రీజెంట్ దగ్గర కొండ చరియ విరిగి ఇళ్లపై పడింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు.

చెట్లు కొట్టేసిన కొండకు ఇప్పుడు మళ్లీ చెట్లే కాపు.

ఆలోచించండి, రాయండి

1. కొండ ఊళ్లను ఎవరు నిలబెట్టారు?
2. చెట్ల వేళ్లు కొండకు ఎలా మేలు చేస్తాయి?
3. మీ ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది? పెద్దవాళ్లను అడిగి నాలుగు మాటలు రాయండి.