పాట రావడానికి అన్ని దారులూ కావాలి
సముద్రగర్భ కేబుల్ వచ్చాక అండమాన్ ఇళ్లలో పాట పలికే పరికరాలు పెరిగాయి. మంచి స్పీకర్లు మాత్రం ఒక్క జతే. అన్నిటినీ వాటికి కలపడం కష్టమేమీ కాదు. కానీ ఏ ఒక్కదాన్నీ పూర్తిగా నమ్ముకోకూడదు.

2020 ఆగస్టు 10న ప్రధాని నరేంద్ర మోదీ చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్‌ను ప్రారంభించినప్పుడు అందరూ మాట్లాడింది ఆన్‌లైన్ చదువులు, బ్యాంకింగ్, పర్యాటకం గురించి. పాటల సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రూ.1,224 కోట్ల వ్యయంతో సుమారు 2,300 కి.మీ. మేర వేసిన ఆ ఆప్టికల్ ఫైబర్ చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు, అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, రంగత్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ తదితర దీవులకు వెళుతుంది. (2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీవిజయపురంగా మారింది.) కేబుల్ రాకముందు ఇంటర్నెట్‌కు ఉపగ్రహమే దిక్కు. స్ట్రీమింగ్‌లో పాట వినాలంటే తెర మీద గిర్రున తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చోవాల్సిందే.

అందుకే ఇక్కడ పాటలు చాలాకాలం ఓడల్లో, విమానాల్లో సామాన్లతోపాటే ప్రయాణించాయి. మొదట క్యాసెట్లు, తర్వాత సీడీలు, ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లు, హార్డ్‌డిస్క్‌లు. 2011 జనాభా లెక్కల ప్రకారం 3.8 లక్షల మంది ఉన్న ఈ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఎక్కువ. సెలవులకు ఊరెళ్లినవారు తిరిగొచ్చేటప్పుడు తెచ్చిన కొత్త పాటలు నాలుగిళ్లు తిరిగేవి.

ఇప్పుడు పాత సరుకు పోలేదు, కొత్తది వచ్చి చేరింది. సీడీ ప్లేయర్, హార్డ్‌డిస్క్, ల్యాప్‌టాప్, టీవీ, సెట్‌టాప్ బాక్స్, ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక ఫోన్. వాటి ముందు పదిహేను, ఇరవై ఏళ్ల కిందటి ఆంప్లిఫయర్, రెండు పెద్ద స్పీకర్లు. అవి కలవవనుకుని చాలామంది ఒక బ్లూటూత్ సౌండ్‌బార్ కొని పాతవాటిని పాత సామాన్లవాడికి అప్పగిస్తారు. ప్రధాన భూభాగం నుంచి రెండున్నర, మూడు రోజుల ఓడ ప్రయాణం దూరంలో ఉన్నచోట ఇది ఖరీదైన నిర్ణయం. పాత ఆంప్లిఫయర్‌ను ఊళ్లో మెకానిక్ టంకం వేసి బాగుచేయగలడు. కొత్త సౌండ్‌బార్‌లో బోర్డు పోతే మార్చడం తప్ప దారి లేదు. ఆ బోర్డు సముద్రం దాటి రావాలి.

మధ్యవర్తి ఒక్కటే
నిజానికి కావలసింది చిన్న పెట్టె ఒకటి. పేరు డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్, పొట్టిగా డీఏసీ. డిజిటల్ పాట అంకెల వరుస. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లతో ఉంటాయి. ఆ అంకెలను ఆంప్లిఫయర్‌కు అర్థమయ్యే విద్యుత్ తరంగంగా మార్చడమే డీఏసీ పని. ఇది కొన్ని వేల రూపాయల్లో దొరుకుతుంది. సాధారణంగా వెనకవైపు ఆప్టికల్, కోయాక్సియల్, యూఎస్‌బీ ద్వారాలుంటాయి, కొన్నిటిలో బ్లూటూత్ కూడా ఉంటుంది. ఎరుపు, తెలుపు పిన్నులున్న ఒకే వైరు జత అక్కడి నుంచి ఆంప్లిఫయర్‌లోని ఆక్స్ లేదా సీడీ అని రాసి ఉన్నచోటికి వెళుతుంది. అంతటితో పాత ఆంప్లిఫయర్ కొత్త కాలంలోకి వచ్చినట్టే.

ఇక ఏది ఎక్కడ పెట్టాలన్నది లెక్క. సెట్‌టాప్ బాక్స్, వీడియో ప్లేయర్ ఎలాగూ హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకే కలుస్తాయి. కాబట్టి టీవీ ఆప్టికల్ అవుట్ నుంచి డీఏసీకి ఒక్క వైరు వేస్తే ఆ రెండింటి ధ్వనీ వచ్చేస్తుంది. సీడీ ప్లేయర్‌కు కోయాక్సియల్ అవుట్ ఉంటే 75 ఓమ్‌ల వైరుతో డీఏసీకి కలపవచ్చు, లేకపోతే నేరుగా ఆంప్లిఫయర్‌కే ఇవ్వవచ్చు. ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ, ఫోన్లకు బ్లూటూత్. బ్లూటూత్ ధ్వనిని కుదించి పంపుతుంది నిజమే. కానీ అసలు పాటే 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే నేరం బ్లూటూత్‌ది కాదు.

టీవీ నుంచి శబ్దమే రాకపోతే డీఏసీ చెడిపోయిందనుకోనవసరం లేదు. చాలా టీవీలు డాల్బీ రూపంలో ధ్వనిని పంపుతాయి, మామూలు డీఏసీకి అది అర్థం కాదు. సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియోను పీసీఎంకు మారిస్తే సరి. మరో పొరపాటు, ఆంప్లిఫయర్‌లో ఖాళీగా ఉంది కదా అని ఫోనో అని రాసి ఉన్నచోట వైరు పెట్టడం. అది గ్రామఫోన్ రికార్డుల నుంచి వచ్చే అతి బలహీనమైన సిగ్నల్ కోసం ఉద్దేశించినది. డీఏసీని అక్కడ పెడితే వినిపించేది గరగరే.

ఉప్పు గాలి, ఉలికిపడే కరెంటు
అండమాన్‌లో అదనపు శత్రువులు రెండున్నాయి. ఏటా దాదాపు 3,000 మి.మీ. వర్షం కురిసే ఈ దీవుల్లో తేమ, ఉప్పు గాలి కలిసి లోహపు పిన్నులను తినేస్తాయి. ఒక స్పీకర్ పలికి మరొకటి పలకకపోతే చాలాసార్లు కారణం పిన్ను మీద పట్టిన చిలుమే. మూడు నాలుగు నెలలకోసారి స్విచాఫ్ చేసి పిన్నులను కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవడం మంచి అలవాటు. రెండో శత్రువు కరెంటు. దీవులకు ప్రధాన భూభాగపు గ్రిడ్‌తో సంబంధం లేదు. ఉత్పత్తి ఎక్కువగా డీజిల్ జనరేటర్ల మీదే ఆధారపడింది. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఒకే ప్లగ్ బోర్డు నుంచి అన్ని పరికరాలకూ కరెంటు ఇవ్వడం క్షేమం. పరికరాలను వేర్వేరు గోడల నుంచి వెలిగిస్తే వచ్చే ‘హమ్మ్’ అనే రొద కూడా దాంతో తగ్గుతుంది. రొద పోవడానికి ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం మాత్రం ప్రాణాంతకం.

ఈ రెండు బాధలకూ ఆప్టికల్ వైరు మంచి మందు. 1983లో తోషిబా తెచ్చిన ఈ వైరులో వెళ్లేది వెలుగు. కరెంటు పారదు కనుక రొద దాటదు, లోహం కాదు కనుక చిలుము పట్టదు. సముద్రం అడుగున వేసిన కేబుల్ సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. కాకపోతే ఇది ప్లాస్టిక్ ఫైబర్, పొడవు ఐదు మీటర్లు దాటకపోవడం మేలు.

అద్దె పాట, సొంత పాట
స్ట్రీమింగ్ చేతికందాక హార్డ్‌డిస్క్‌లు అటకెక్కుతున్నాయి. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. రెస్సో, వింక్ మ్యూజిక్ రెండూ 2024లో మన దేశంలో మూతపడ్డాయి. శ్రోతలు ఏళ్ల తరబడి పేర్చుకున్న పాటల జాబితాలకు వేరే గూడు వెతుక్కోవాల్సి వచ్చింది. పాత హైఫైలకు స్ట్రీమింగ్ నేర్పడానికి గూగుల్ 2015లో తెచ్చిన క్రోమ్‌కాస్ట్ ఆడియో తయారీ 2019లో ఆగిపోయింది. 2025 మార్చిలో ఒక డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరడంతో ఇళ్లలో ఉన్నవి కూడా ఒక్కసారిగా మొరాయించాయి. గూగుల్ సరిచేసేవరకూ యజమానులు చేయగలిగిందేమీ లేకపోయింది. వైరు తెగలేదు, యంత్రం చెడలేదు, ఎక్కడో దూరాన ఒక తేదీ దాటిందంతే.

ఒకే దారిని నమ్ముకుంటే ఏమవుతుందో ఈ దీవులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2004 డిసెంబరు 26 సునామీకి టెలిఫోన్లు మూగబోయినప్పుడు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అప్పటికే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం హామ్ రేడియో మీద బయటి ప్రపంచంతో మాట్లాడింది. పాట వినడం ప్రాణావసరం కాకపోవచ్చు. సూత్రం మాత్రం అదే.

ఉపాయమూ చవకే. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై వంటి అరచేతి కంప్యూటర్‌కు హార్డ్‌డిస్క్‌ను తగిలించి, దాన్ని యూఎస్‌బీతో డీఏసీకి కలిపితే ఇంట్లో సొంత పాటల నిలయం తయారవుతుంది. ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఫోనే రిమోట్. ఇంటి వైఫై రౌటర్ వెలుగుతుంటే చాలు, ఇంటర్నెట్‌తో పని లేదు. నాణ్యత తగ్గకుండా ఫ్లాక్ రూపంలో దాచినా ఒక సీడీకి 300-400 ఎంబీ మించదు. అంటే ఒక టెరాబైట్ డిస్క్‌లో రెండున్నర వేల సీడీలైనా పడతాయి. డిస్క్ కూడా శాశ్వతం కాదు కనుక నకలు ఒకటి ఉండాలి, అది మరో ఇంట్లో ఉంటే ఇంకా మంచిది.

కొనుగోళ్లలో ముందువెనకలు కూడా దీన్ని బట్టే తేలతాయి. ముందు డిస్క్‌కు నకలు, తర్వాత డీఏసీ, ఆ తర్వాతే స్ట్రీమింగ్ చందా. అటక మీది డిస్క్‌లలో స్ట్రీమింగ్ యాప్‌లలో ఎంత వెతికినా దొరకని నాటకాల రికార్డింగులు, ఊరి పండుగ పాటలు, ఇంటి పెద్దల గొంతులు ఉండొచ్చు. అవి పోతే మళ్లీ తెచ్చే ఓడ లేదు.