ఊరంతా వార్డే

డాక్టరుకు డ్యూటీ దిగడం అంటూ ఒకటుంటుంది. నర్సు కూడా షిఫ్టు మారే వేళ రిజిస్టర్ అప్పగించి సంచీ భుజాన వేసుకుంటుంది. ఆశా కార్యకర్తకు ఆ వేళ లేదు. ఆమె పనిచేసే ఊరూ, కాపురం చేసే ఊరూ ఒకటే. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు కావాలనే అలా పెట్టారు. వెయ్యి జనాభాకు ఒకరు, ఆ ఊళ్లో ఉండే స్త్రీయే కావాలి, వయసు 25 నుంచి 45 మధ్య ఉండాలి, పెళ్లయినవారికో భర్త లేనివారికో మొదటి అవకాశం. గిరిజన ప్రాంతాల్లో గూడేనికొకరిని పెట్టుకోవచ్చన్నారు. ఊరి కూతురు పెళ్లయి వెళ్లిపోతుంది, కోడలైతే ఉంటుంది, పిలిస్తే పలుకుతుంది అన్నది లెక్క. లెక్క తప్పలేదు. ఇరవై ఏళ్లుగా అర్ధరాత్రి పిలిచినా పలుకుతూనే ఉంది.

పీహెచ్‌సీలో నెలకోసారి ఆశా డే జరుగుతుంది. రివ్యూ అయ్యాక టిఫిన్ బాక్సులు విప్పినప్పుడు వాళ్ల మధ్య నడిచే కబుర్లలో మనోవ్యాధి పేరు ఒక్కటీ వినపడదు. ఒకామెకు నిద్ర పట్టడం లేదు. ఇంకొకామెకు ఫోన్ మోగితే గుండె దడ. మరొకామెకు వంట చేయబుద్ధి కావడం లేదు, పిల్లల మీద ఊరికే అరుస్తోంది, ఆ తర్వాత ఊరికే ఏడుపొస్తోంది. బీపీ అంటారు, గ్యాస్ అంటారు, నరాల బలహీనత అంటారు. డిప్రెషన్ అన్న మాట ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఎర్రగడ్డ గుర్తొస్తుంది, విశాఖ వైపైతే చినవాల్తేరు. ఆ రెండుచోట్లా ఉన్నవి మనసుకు వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రులే. మన సినిమాలూ మన వేళాకోళాలూ కలిసి ఆ ఊళ్ల పేర్లను తిట్లు చేసిపెట్టాయి.

ఈ అలసట ఎక్కడ పుడుతోందో తెలియాలంటే పనీ, దాని రేటూ పక్కపక్కన పెట్టి చూడాలి. గర్భం నిలిచిందని తెలిసిన నాటి నుంచి పేరు నమోదు, పరీక్షలు, టీకాలు, ఐరన్ మాత్రలు. నొప్పులొస్తే 108కి ఫోన్ చేసి వెంట వెళ్లడం. ఇందుకు జననీ సురక్ష యోజన కింద పల్లెల్లో ఆశాకు లెక్కగట్టింది 600 రూపాయలు. అందులో సగం గర్భిణి పరీక్షలకు, సగం ఆసుపత్రి కాన్పుకు. కాన్పు ఇంట్లోనే అయిపోతే రెండో సగం లేదు. తల్లీబిడ్డా ఇల్లు చేరాక 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లి బిడ్డ బరువు, ఒంటి వేడి, బొడ్డు చూడాలి. ఆరుసార్లూ తిరిగితే 250 రూపాయలు, అంటే ఒక్కోసారికి నలభై రెండు కూడా పడదు. ఇవి కాక క్షయ రోగి చేత మందులు మింగించడం, జ్వరమొచ్చినవాళ్ల దగ్గర రక్తపూత తీయడం, పోలియో చుక్కలు, కుష్ఠు సర్వే, వేసవిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఎన్నికలొస్తే బూత్ దగ్గర మందుల కిట్. అన్నీ కాగితం మీద ఒకసారి, ఫోన్‌లో ఇంకోసారి ఎక్కించాలి. యాప్‌లు వస్తే రిజిస్టర్లు పోతాయన్నారు. రిజిస్టర్లు పోలేదు. సర్వర్ మొరాయించిన రోజు, చేసిన పని చేయనట్టే.

అయినా పని బరువొక్కటే మనిషిని కుంగదీస్తుందని నేననుకోను. నడుం వంచి నాట్లు వేసే ఆడవాళ్లు పడే కష్టం తక్కువేమీ కాదు. కుంగదీసేది నింద. ఊళ్లో ఓ బాలింత చనిపోయిందనుకోండి. ఆఫీసు దృష్టిలో అది కేసు. ఆశాకు మాత్రం వదినో, పిన్ని కూతురో, నిన్నటిదాకా బోరు దగ్గర బిందె ఎత్తిపెట్టిన మనిషో. ఆ చావు కబురు 24 గంటల్లోపు పైకి చెప్పాల్సింది ఆమే. దానికీ 200 రూపాయల రేటు ఉంది. ఆ పైన విచారణ. ఎప్పుడు నమోదు చేశావు, రక్తం తక్కువని ఎప్పుడు తెలిసింది, పెద్దాసుపత్రికి ముందే ఎందుకు పంపలేదు? నిజానికి మాతృమరణాల సమీక్ష పెట్టింది జాప్యం ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికే గానీ దోషిని పట్టడానికి కాదని నిబంధనలే చెబుతాయి. సమీక్ష జరిగే గదిలో ఆ మాట ఎందరికి గుర్తుంటుందో! అక్కడ సంజాయిషీ ఇచ్చుకుని ఊరికొస్తే చావింటి అరుగు మీద ఇంకో ప్రశ్న కాచుకుని ఉంటుంది: ఆసుపత్రికి తీసుకెళ్దామన్నది నువ్వే కదమ్మా? అంబులెన్స్ ఆలస్యమై ఉండొచ్చు, మత్తు డాక్టరు సెలవులో ఉండొచ్చు, రక్తం దొరికి ఉండకపోవచ్చు. వాళ్లెవరూ ఊరి జనానికి కనపడరు, కనపడేది ఆశా ఒక్కతే. పెద్దకర్మ నాడు ఆ ఇంటికి వెళ్లాలి, చుట్టం కనుక. మర్నాటి నుంచి అదే వీధిలో మరో గర్భిణిని ఆసుపత్రికి రమ్మని బతిమాలాలి, ఆశా కనుక. చనిపోయిన మనిషి కోసం ఆమె ఏడ్చుకునేదెప్పుడు?

ఏజెన్సీలో దీనికి దారి కష్టం తోడవుతుంది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాగా విడివడిన పాడేరు, అరకు కొండల్లో రోడ్డు ఆగిన చోట డోలీ మొదలవుతుంది. కర్రకు దుప్పటి కట్టి మగవాళ్లు మోస్తుంటే పక్కనే ఆశా నడుస్తుంది. 2018లో అప్పటి ప్రభుత్వం బైకుకు పక్కతొట్టి తగిలించిన ఫీడర్ అంబులెన్సులు 122 తెచ్చింది. బాట ఉన్నంతమేర అవి వస్తాయి. అదే ఏడాది సాలూరులో నెలలు నిండిన కొండ ప్రాంత గర్భిణులను ముందే దించి ఉంచే వసతి గృహం తెరిచారు. గత పదేళ్లలో ఈ విషయంలో వచ్చిన తెలివైన ఆలోచన ఏదైనా ఉందంటే ఇదేనంటాను. నొప్పుల మధ్య డోలీ ఎక్కే అవసరమే తప్పిస్తుంది. కాకపోతే పెద్ద పిల్లల్ని ఎవరు చూస్తారు, మేకల్ని ఎవరు తోలుకెళ్తారు అనే గర్భిణిని ఒప్పించి పంపే పని మళ్లీ ఆశాదే. పంపాక ఆ వివరాలు ఎక్కించడానికి సిగ్నల్ వెతుక్కుంటూ కొండెక్కడం కూడా.

ఇక అసలు విడ్డూరం. ముప్పై దాటిన ప్రతి మనిషికీ ఆశా సీబీఏసీ అనే ఫారం నింపుతుంది. పొగాకు, మద్యం అలవాట్లున్నాయా, నడుము కొలత ఎంత, ఇంట్లో ఎవరికైనా షుగర్, బీపీ ఉన్నాయా అని అడుగుతుంది. ఆ ఫారంలోనే మనసుకు సంబంధించి రెండు ప్రశ్నలుంటాయి. గడచిన రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? దిగులుగా, అంతా అయిపోయినట్టుగా ఉందా? లేదంటే సున్నా, కొన్ని రోజులంటే ఒకటి, సగానికి పైగా రోజులంటే రెండు, దాదాపు రోజూ అంటే మూడు. రెండూ కలిపి మూడు దాటితే డాక్టరుకు చూపించాలి. ఊళ్లో డిప్రెషన్‌ను మొదట పసిగట్టాల్సింది ఈమేనన్నమాట. ఈమెకూ ముప్పై దాటే ఉంటాయి. తన ఫారంలో నిజం రాస్తే అది చేరేది తన పనికి మార్కులు వేసే ఏఎన్ఎంకు, మెడికల్ ఆఫీసరుకు. రెండు సున్నాలు చుట్టి పేజీ తిప్పేయడం కంటే సులువేముంది? 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరును ఊరికి చెప్పేదీ ఆమే. తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. రెండు గదుల ఇంట్లో, అత్తగారి ఎదుట, ఆ ఫోన్ ఎక్కడ కూర్చుని చేయాలన్నదే చిక్కు.

పని వల్ల వచ్చే ఈ అలసటను బర్నవుట్ అంటారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుల్లో చేర్చలేదు, పనిచోట పుట్టే స్థితి అంది. సత్తువ హరించుకుపోవడం, పని మీద విరక్తి, ఎంత చేసినా ఒరిగేదేమీ లేదనిపించడం దాని మూడు గుర్తులు. డిప్రెషన్ మాత్రం జబ్బే, మందులతో, మాటల చికిత్సతో తగ్గుతుంది. మన ఆరోగ్య శాఖలు ఈ తేడా పట్టించుకున్నట్టు లేదు. పని తీరును మార్చాల్సిన చోట ఒత్తిడి తగ్గించుకోవడం ఎలా అని ఒక పూట శిక్షణ పెడతారు, ఆ పూట ఆగిన డేటా సాయంత్రంలోగా ఎక్కించమంటారు.

చదువుకున్న డాక్టర్లకైనా ఇది తప్పిందా అంటే, తప్పలేదు. రెసిడెంట్లకు వారానికి 48 గంటలే పని అని కేంద్రం 1992లోనే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 74 గంటలు దాటొద్దని సిఫార్సు చేయాల్సి వచ్చింది. ఆ టాస్క్‌ఫోర్స్ చేసిన సర్వేలో పాల్గొన్న పీజీల్లో 31 శాతానికి పైగా మంది తమకు ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పారు. వాళ్లకు కనీసం జూడా అనే జూనియర్ డాక్టర్ల సంఘం ఉంది, సమ్మె చేస్తే మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది.

ఆశాలూ సమ్మెలు చేశారు. తెలంగాణలో 2015లో వంద రోజులు దాటి సాగింది. 2023 సెప్టెంబరులో మళ్లీ రోడ్డెక్కారు, 18 వేల రూపాయల స్థిర వేతనం కావాలని. అప్పటికి వాళ్లకు అందుతున్నది 9,750, అదీ పనుల లెక్కన. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 10 వేలు చేశారు. పథకాల్లో పనిచేసేవాళ్లను కార్మికులుగా గుర్తించాలని 2013లో 45వ భారత కార్మిక మహాసభ సిఫార్సు చేసినా వాళ్లింకా స్వచ్ఛంద కార్యకర్తలే. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ కలిపి అవార్డు ఇచ్చింది. కోవిడ్ రోజుల్లో జ్వరాల సర్వేకు గడప తొక్కితే తలుపులేసుకున్న ఊళ్లు ఆ రోజు చప్పట్లు కొట్టాయి.

2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆశాలకు తొలి రెండు కాన్పులకు 180 రోజుల చొప్పున వేతనంతో సెలవు, గ్రాట్యుటీ, 62 ఏళ్ల దాకా పని ప్రకటించింది. మంచిదే. మొదట్లో చేరినవాళ్లలో చాలామంది ఈపాటికి అమ్మమ్మలయ్యారనుకోండి, అది వేరే సంగతి. ఆ సెలవు వాడుకునే చిన్నవాళ్లున్నారు. ఆమె సెలవులో ఉన్నన్నాళ్లూ ఆ ఊరి పని పక్క ఊరి ఆశా మీద పడుతుంది. మనసు బాగాలేక పది రోజులు పడుకుంటానన్నా అంతే. అందుకే ఎవరూ అడగరు, తోటి ఆడదాని నెత్తిన బరువు పెట్టడం ఇష్టం లేక. ప్రతి పీహెచ్‌సీకీ బదులు చూసే ఆశాలు ఇద్దరుంటే ఆ మొహమాటం తీరుతుంది. జిల్లా మానసిక ఆరోగ్య బృందం నెలనెలా ఆశా డేకే వచ్చి, రివ్యూ చేసే అధికారులెవరూ అడుగుపెట్టని గదిలో ఓ రెండు గంటలు కూర్చోవచ్చు. ఆ రెండు గంటల్లో ఎవరు వచ్చారో, ఏం చెప్పారో ఏ యాప్‌లోనూ ఎక్కించకూడదు.