ఎడ్మంటన్ చేజార్చుకున్న ఇద్దరు కుర్రాళ్లు

2024 ఆగస్టు 13న అమెరికాలోని సెయింట్ లూయిస్ బ్లూస్ ఐస్ హాకీ జట్టు కెనడా జట్టు ఎడ్మంటన్ ఆయిలర్స్‌ను ఉక్కిరిబిక్కిరి చేసింది. ఎడ్మంటన్‌ కుర్రాళ్లిద్దరితో ఒకేసారి ‘ఆఫర్ షీట్ల’ మీద సంతకాలు చేయించింది. డిఫెండర్ ఫిలిప్ బ్రోబర్గ్‌కు ఏడాదికి సుమారు 45.8 లక్షల డాలర్లు, ఫార్వర్డ్ డిలన్ హాలోవేకు సుమారు 22.9 లక్షల డాలర్లు, ఇద్దరికీ రెండేళ్ల ఒప్పందం. అంతే సొమ్ము ఇచ్చి వాళ్లను నిలబెట్టుకోవాలా, వదులుకోవాలా? తేల్చుకోవడానికి ఎడ్మంటన్‌కు ఏడు రోజులే గడువు.

ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో కుర్రాళ్లను జట్లు డ్రాఫ్ట్ పద్ధతిలో, రౌండ్లవారీగా వంతులేసుకుని ఎంచుకుంటాయి. 18 నుంచి 21 ఏళ్ల వయసులో సంతకం చేస్తే తొలి ఒప్పందం మూడేళ్లు, జీతానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది. అది ముగిసినా ఆటగాడికి పూర్తి స్వేచ్ఛ రాదు. లీగ్ నిబంధనల ప్రకారం జట్టు కనీస ఆఫర్ ఇస్తే అతడిపై హక్కు దానిదే. ఇలాంటివాళ్లే ‘రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్లు’. నచ్చిన జట్టుకు స్వేచ్ఛగా వెళ్లాలంటే సాధారణంగా 27 ఏళ్లు నిండాలి, లేదా లీగ్‌లో ఏడు సీజన్లు ఆడి ఉండాలి.

ఆలోగా మరో జట్టు ముందుకొచ్చి రేటు పెంచడానికి ఉన్న దారి ఆఫర్ షీటే. ఐపీఎల్ వేలంలో ‘రైట్ టు మ్యాచ్’ కార్డు చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. కాకపోతే ఇక్కడ పాత జట్టు వదులుకుంటే దానికి పరిహారంగా కొత్త జట్టు తన రాబోయే డ్రాఫ్ట్ ఎంపికలను అప్పగించాలి. జీతం పెరిగేకొద్దీ పరిహారమూ పెరుగుతుంది.

బ్లూస్ తెలివంతా ఈ లెక్కలోనే ఉంది. బ్రోబర్గ్‌కు ఇవ్వజూపింది కచ్చితంగా 45,80,917 డాలర్లు. ఆ ఏడాది రెండో రౌండ్ ఎంపికతో సరిపెట్టుకోగల గరిష్ఠ జీతం అదే. ఒక్క డాలర్ పెంచినా మొదటి రౌండ్, మూడో రౌండ్ ఎంపికలు రెండూ పోయేవి. హాలోవే జీతాన్నీ మూడో రౌండ్ హద్దు దగ్గరే ఆపింది. పరిహారంగా సొంత ఎంపికలే ఇవ్వాలి కాబట్టి, అంతకుముందు పిట్స్‌బర్గ్ జట్టుకు ఇచ్చేసిన తన రెండో రౌండ్ ఎంపికను ముందుగానే వెనక్కి తెచ్చుకుంది.

ఎడ్మంటన్‌కు ఇది గుండెకోతే. ఇద్దరూ ఆ జట్టు మొదటి రౌండ్‌లో ఎంచుకుని, ఏళ్ల తరబడి తీర్చిదిద్దినవాళ్లు. జూన్‌లో లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ ఫైనల్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లిన జట్టు సభ్యులు. కానీ ఆ సీజన్‌లో జట్టు మొత్తం జీతాలపై 8.8 కోట్ల డాలర్ల సీలింగ్ ఉండేది. జూలై 1న సీనియర్లు జెఫ్ స్కిన్నర్, విక్టర్ అర్విడ్సన్‌లను తీసుకోవడంతో ఆ పరిమితిలో చోటు కరిగిపోయింది. ఆగస్టు 20న ఎడ్మంటన్ ఇద్దరినీ వదులుకుని చేతులెత్తేసింది.

జట్ల మేనేజర్లు ఆఫర్ షీట్ల జోలికి అరుదుగా వెళ్తారు, ఇవాళ మనం లాక్కుంటే రేపు మన కుర్రాడికి ఎసరు పెడతారన్న భయం. 2007లో ఎడ్మంటనే ఆనహైమ్ జట్టు నుంచి డస్టిన్ పెన్నర్ అనే ఆటగాణ్ని ఇలాగే తీసుకెళ్లింది. నిబంధన ఎంత పదునైనదో ఆ జట్టుకు తెలియనిది కాదు. అయినా ఆగస్టు నడిమికి వచ్చేదాకా ఇద్దరు కుర్రాళ్లను సంతకం లేకుండా వదిలేయడం ముమ్మాటికీ దాని తప్పే.

ఎడ్మంటన్‌లో చివరి సీజన్‌లో తొమ్మిది పాయింట్లే (గోల్స్, అసిస్ట్‌లు కలిపి) సాధించిన హాలోవే, బ్లూస్‌లో తొలి సీజన్‌లోనే 26 గోల్స్‌తో 63 పాయింట్లు సాధించాడు. స్కిన్నర్, అర్విడ్సన్ ఇద్దరూ ఏడాది తిరిగేసరికి ఎడ్మంటన్‌ను వీడారు.